తెల్లచోటు కొలత: బొమ్మ, గుర్రం రంగుల పేజీల తయారీపై ఒక కేస్ స్టడీ

పాఠ్యపుస్తకాలకూ బోధనోపకరణాలకూ బొమ్మలు గీయడం నా వృత్తి. కృష్ణా తీరంలోని ఒక పట్టణంలో పూర్వ ప్రాథమిక తరగతి నడుపుతున్న ఒక ఉపాధ్యాయురాలు, సంక్రాంతికి తరగతి గదిలోనే బొమ్మల కొలువు పెట్టాలని తలచి, అందుకు తగిన రంగుల పేజీలను గీసి ఇవ్వమని నన్ను అడిగారు. ఆమె తరగతిలో నాలుగు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 24 మంది ఉన్నారు. కొయ్యబొమ్మలు కొనే వీలు లేదు కాబట్టి పిల్లలే రంగులు వేసిన కాగితపు బొమ్మలను మెట్ల మీద నిలబెట్టాలన్నది ఆమె ఆలోచన. పేజీ ఏ4 కొలతలో ఉండాలని, బడిలోని నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ మీద ప్రింట్ కావాలని, పన్నెండు రంగుల మైనపు క్రేయాన్లతో పిల్లలు రంగు వేయగలగాలని ఆమె షరతులు చెప్పారు. మూడు ఆడబొమ్మలు, మూడు గుర్రాలు గీసి నేను పంపిన మొదటి విడత దాదాపు పూర్తిగా విఫలమైంది. ఆ వైఫల్యానికి కారణాలను, వాటిని సరిచేసిన క్రమాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మొదటి విడత

ఆ ఆరు పేజీలను నేను మామూలు పుస్తక చిత్రాలు గీసినట్టే గీశాను. బొమ్మల చీర అంచుల్లో చిన్న చిన్న మామిడి పిందెలు, మెడలో కాసులపేరు, జడలో విడివిడి పూలు పెట్టాను. గుర్రాలలో ఒకటి పరుగెత్తుతోంది, ఒకటి ముందుకాళ్లు పైకెత్తింది, ఒకటి పక్కకు తిరిగి నిలబడింది. జూలును ఒకదానిపై ఒకటి పడే సన్నని గీతలతో చూపించాను. పేజీ పైమూలన, రంగు వేస్తే ఎలా ఉంటుందో చెప్పే చిన్న నమూనా చిత్రం కూడా అమర్చాను. కంప్యూటర్ తెర మీద ఆ పేజీలు చూడముచ్చటగా ఉన్నందువల్ల వాటిని నేను మరోసారి పరీక్షించలేదు. ఈ కేసులో నేను చేసిన అసలు పొరపాటు అదే.

తరగతిలో జరిగినదాన్ని నేను గది వెనుక కూర్చుని రెండు పూటలు గమనించాను. మొదట కనిపించిన లోపం గీతలది. నేను వాట్సాప్‌లో చిత్రాలుగా పంపడం వల్ల, అవి కుదించుకుపోయి, గీతల చుట్టూ బూడిదరంగు మచ్చలు ఏర్పడ్డాయి. బడిలో ఒక్కొక్కటే ప్రింట్ తీసి మిగిలిన ప్రతులను జిరాక్స్ చేయించగా, ఆ మచ్చలు నల్లని చుక్కలుగా గట్టిపడ్డాయి. జూలులోని సన్నని గీతలు మాత్రం అక్కడక్కడ తెగిపోయాయి. ప్రింటర్ కాగితం అంచుల దాకా ముద్రించలేదు కాబట్టి పరుగెత్తే గుర్రానికి వెనుక గిట్ట ఒకటి పూర్తిగా పోయింది. ఇవి యంత్రానికి సంబంధించిన లోపాలు. వీటిని సరిదిద్దడం కష్టం కాలేదు. గీతలను బిందువుల చిత్రంగా కాక వెక్టర్ గీతలుగా, అంటే ఎంత పెంచినా కుదించినా చెదరని గీతలుగా ఉంచి పీడీఎఫ్‌లో పంపడం, నాలుగు వైపులా 10 మిల్లీమీటర్లు ఖాళీగా వదలడం, బూడిదరంగును పూర్తిగా మానేసి నలుపు, తెలుపు మాత్రమే వాడడం సరిపోయాయి. వెక్టర్ గీత సాధ్యం కానప్పుడు ఏ4 పేజీని 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 × 3508 పిక్సెళ్లలో సిద్ధం చేస్తే జిరాక్స్‌కు తట్టుకుంటుంది.

పిల్లల చేతుల దగ్గర బయటపడిన లోపాలు అంత తేలికైనవి కావు. చీర అంచులోని మామిడి పిందె రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంది. నాలుగు రోజులు వాడి అరిగిన క్రేయాన్ గీసే గీతను స్కేలుతో కొలిస్తే ఆరు మిల్లీమీటర్లు వచ్చింది. రెండు మిల్లీమీటర్ల చోటులో ఆరు మిల్లీమీటర్ల గీతను నింపమని నాలుగేళ్ల పిల్లను అడిగాను నేను. ఆ పిల్ల అంచునూ చీరనూ పాదాలనూ కలిపి ఒకే ఎర్రరంగుతో రుద్దేసింది. అది ఆమె అజాగ్రత్త కాదు. నేను ఇచ్చిన పేజీకి ఆమె ఇవ్వగలిగిన సరైన జవాబు అదొక్కటే. మరో అమ్మాయి బొమ్మ ముఖానికి గోధుమరంగు వేస్తే, సన్నగీతలతో గీసిన కళ్లు ఆ మైనం కింద కనిపించకుండా పోయాయి. కళ్లు పోయాయని ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఆ విడతను సమర్థించుకోవాలన్న ఆలోచన నాకు కలగలేదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది గుర్రాల దగ్గర కనిపించింది. నిలబడిన గుర్రం ఒళ్లంతా ఒకే పెద్ద తెల్లచోటుగా ఉంది. పిల్లలు మెడ దగ్గర ఉత్సాహంగా మొదలుపెట్టి, డొక్క దాకా వచ్చేసరికి చేయి నొప్పి పుట్టి వదిలేశారు. అంటే చోటు మరీ చిన్నదైనా చేటే, మరీ పెద్దదైనా చేటే. ఇక కాళ్ల సంగతి. అవతలి వైపు కాళ్లు ఇవతలి కాళ్ల వెనుక సగం దాగి ఉన్నాయి. పెద్దవాళ్లకు అవి కాళ్లని తెలుస్తుంది. పిల్లల్లో చాలామంది ఆ ముక్కలను నేలగా భావించి ఆకుపచ్చ వేశారు, ఒకబ్బాయి మాత్రం ‘ఇది గుర్రం కర్ర’ అని చెప్పాడు.

పరుగెత్తే గుర్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను దాని ముందుకాళ్లను ముందుకు, వెనుకకాళ్లను వెనుకకు బార్లా చాచి గీశాను. పాత చిత్రాలలో అలాగే చూసి నేర్చుకున్నాను. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు, దౌడు తీసే గుర్రం నాలుగు గిట్టలూ నేలను వదిలేది కాళ్లు చాచినప్పుడు కాదని, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని రుజువు చేశాయి. రంగుల పేజీయే కదా అని తప్పు భంగిమ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పిల్లవాడు మొదట చూసే గుర్రమే అతని మనసులో గుర్రంగా నిలిచిపోతుంది. వెనుక కాలులో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ; ఎంత సరళంగా గీసినా ఆ వంపు సరైన వైపుకే ఉండాలి. అయితే భంగిమను సరిచేసి కాళ్లను పొట్ట కిందికి ముడిస్తే, వాటి మధ్య సందులు మళ్లీ నాలుగైదు మిల్లీమీటర్లకు తగ్గిపోయాయి. కాబట్టి పరుగెత్తే గుర్రాన్ని ఈ విడత నుంచి తీసేసి, రంగు పెన్సిళ్లు వాడగలిగే ఏడెనిమిదేళ్ల పిల్లల కోసం విడిగా ఉంచాను.

కొయ్యబొమ్మల దగ్గర నేర్చుకున్నది

గీతలు మార్చి గీసినా ఫలితం ఉండదని, గీసే పద్ధతే మారాలని అప్పటికి అర్థమైంది. కొలువులో నిలిచేవి కొయ్యబొమ్మలు కనుక, ఆ బొమ్మలు ఎలా తయారవుతాయో గుర్తుచేసుకుంటే దారి కనిపించింది. విజయవాడకు దగ్గరలోని కొండపల్లిలో తేలికైన తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. తల, చేతులు, మొండెం వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తరువాత సున్నం పూసి, ఆ తెల్లని ఒంటి మీద రంగులు దిద్దుతారు. సున్నం పూసి, ఇంకా రంగు పడని కొండపల్లి బొమ్మను ఊహించుకోండి. రంగుల పేజీ సరిగ్గా ఆ దశలో ఉన్న బొమ్మ. దాని మీద వివరాలు ఇంకా లేవు. భాగాలు మాత్రం ఒకదాని పక్కన ఒకటి స్పష్టంగా ఉన్నాయి.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మల పద్ధతి వేరు. అక్కడ అంకుడు కర్రను తరిణె (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క రంగు పూస్తారు. గింజలు, బెరడు, ఆకులు, వేళ్ల నుంచి తీసిన రంగులకు ఆ బొమ్మలు పేరుపొందాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. తరిణె మీద తయారైన రూపం ఏదైనా గుండ్రంగానో కోలగానో ఉంటుంది. ఆ లెక్కన గుర్రాన్ని ఊహిస్తే, ఒళ్లు ఒక కోల, మెడ ఒక స్తంభం, కాళ్లు నాలుగు గుంజలు. గుండ్రని చోటు పిల్లల చేతికి అనువుగా ఉంటుందని తరగతిలో చూసి తెలుసుకున్నాను. క్రేయాన్ పట్టుకున్న చిన్నచేయి సహజంగా సున్నాలు చుడుతూనే రంగు వేస్తుంది, కోసుగా ఉన్న మూలల్లోనే గీత దాటుతుంది.

ఈ రెండు పద్ధతుల నుంచి నేను నల్లగీతను కాక తెల్లచోటును గీయడం నేర్చుకున్నాను. రెండో విడతలో ముందుగా కాగితం మీద గుండ్రటి, కోలటి మూసిన చోట్లను పేర్చి, ఆ చోట్ల మధ్య మిగిలిన సందునే గీతగా మార్చాను. ప్రతి చోటూ అన్ని వైపులా మూసుకుని ఉండేలా చూశాను. జూలును సన్నగీతల గుంపుగా కాక అయిదు పెద్ద రేకులుగా చేశాను. గుర్రం ఒంటిని జీను, నడుం పట్టీ, ఛాతీ పట్టీలతో నాలుగు భాగాలు చేశాను. చేయి నొప్పి పుట్టకముందే ఒక భాగం పూర్తవుతుంది, రంగు మార్చుకునే సాకూ దొరుకుతుంది. కళ్లను గీతలతో గీయకుండా నిండు నల్లచుక్కలుగా పెట్టాను. లేజర్ నలుపు మీద మైనం పడినా ఆ చుక్కలు చెక్కుచెదరవు. ముఖానికి ఏ రంగు వేసినా బొమ్మ చూస్తూనే ఉంటుంది.

కొలతను నిర్ణయించే సమయంలో ఉపాధ్యాయురాలి అలవాటు ఒకటి అక్కరకు వచ్చింది. కాగితం ఆదా కోసం ఆమె రెండు పేజీలను ఒక పేజీలో తగ్గించి ప్రింట్ తీస్తారు. ఏ4 నుంచి ఏ5కు దిగితే ప్రతి పొడవూ 71 శాతానికి తగ్గుతుంది. అందుచేత పూర్తి పేజీ మీద అతి ఇరుకైన చోటును 12 మిల్లీమీటర్లుగా నిర్ణయించాను. తగ్గించినా అది ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దగ్గర నిలుస్తుంది, అరిగిన క్రేయాన్ అందులో తిరుగుతుంది. గీత మందాన్ని 4 పాయింట్లు, అంటే సుమారు 1.4 మిల్లీమీటర్లు పెట్టాను. మందపు గీతలు మొరటుగా ఉన్నాయని ఒక తోటి చిత్రకారుడు అన్నారు. నా అభిప్రాయం వేరు. పిల్లవాడి చేయి కాస్త తప్పినా ఆ తప్పును మందమైన నలుపు తనలో కలుపుకుంటుంది, పని పూర్తయ్యాక పేజీ శుభ్రంగా కనిపిస్తుంది, ఆ శుభ్రత చూసి పిల్లవాడు ఇంకో పేజీ అడుగుతాడు.

నమూనా, పంపకం, ముఖం రంగు

ఇవి గీతకు సంబంధం లేని విషయాలే అయినా ఫలితం మీద వాటి ప్రభావం ఎక్కువ. మొదటి విడతలో పైమూలన ఉన్న నమూనా నలుపు తెలుపు ప్రింటర్‌లో బూడిదరంగుగా వచ్చింది. అది చూసి కొందరు పిల్లలు గుర్రమంతటికీ పెన్సిల్ పూశారు. రంగు నమూనా అయితే ఇంతకన్నా మేలు జరిగేదని కూడా అనుకోను. నమూనా ఉన్నంతసేపూ పిల్లల చూపు దాని మీదే ఉంటుంది. రెండో విడతలో దాన్ని తీసేశాను. నీలి గుర్రాలు, చారల గుర్రాలు, ఒక్కో కాలికి ఒక్కో రంగున్న గుర్రాలు వచ్చాయి. గుర్రం నీలంగా ఉండదని ఒక తల్లి అభ్యంతరం చెబితే, లక్క పూసిన కొయ్యగుర్రం ఏ రంగులోనైనా ఉంటుందని ఉపాధ్యాయురాలు ఆమెకు చెప్పారు.

మొదటి రోజు బడిలో పనిచేసే ఆయా, ఆడపిల్లలకు బొమ్మల పేజీలు, మగపిల్లలకు గుర్రాల పేజీలు పంచింది. ఎవరూ అలా చెప్పలేదు, అలవాటు కొద్దీ జరిగింది. ఇద్దరు మగపిల్లలు తమకూ బొమ్మ కావాలని అడిగారు, ఒకమ్మాయి నోరు తెరిచి అడగకుండా పక్కవాడి గుర్రానికి తోక రంగు వేసిపెట్టింది. మరుసటి రోజు నుంచి అన్ని పేజీలూ చాప మధ్యలో పెట్టి, ఎవరికి కావలసినది వారిని తీసుకోమన్నారు.

నన్ను ఎక్కువగా బాధించినది ముఖం రంగు. క్రేయాన్ల డబ్బాలోని లేత గులాబీ ముక్కను పిల్లలందరూ ‘స్కిన్ కలర్’ అనే పిలుస్తున్నారు, బొమ్మ ముఖానికి దానికోసమే కొట్లాడుకుంటున్నారు. ఆ గదిలో ఆ రంగు చర్మం ఉన్న బిడ్డ ఒక్కరూ లేరు. ఉపాధ్యాయురాలు ప్రసంగమేమీ చేయలేదు. తన ముంజేతిని ఒక తెల్ల కాగితం మీద పెట్టి, దానికి సరిపోయే క్రేయాన్ వెతికిపెట్టమన్నారు. పిల్లలు గోధుమ, ముదురు గోధుమ, పసుపు ముక్కలు పెట్టి పెట్టి చూసి, రెండు రంగులు కలిపితేనే సరిపోతుందని తేల్చారు. ఆ తరువాత తమ చేతులు పెట్టుకుని చూసుకున్నారు. ఆ పూట వచ్చిన ముఖాలు నేను దాచుకున్న పేజీలలో అన్నిటికన్నా విలువైనవి.

వీపు ఎక్కడ అన్న ప్రశ్న

తెలుగులో గీసిన చిత్రమూ బొమ్మే, చేతిలో పట్టుకుని ఆడుకునేదీ బొమ్మే. ‘బొమ్మకు రంగు వేయండి’ అన్న మాట విని, అయిదేళ్ల పిల్లవాడొకడు ముందుభాగం పూర్తి చేసి, కాగితం తిప్పి, వెనుక తెల్లగా ఉండడం చూసి ‘దీని వీపేదీ?’ అని అడిగాడు. జవాబు రాకపోయేసరికి వెనుక వైపు కూడా నల్లగా పొడవైన గీత ఒకటి గీసి, అది జడ అన్నాడు. కొలువులో కాగితపు బొమ్మలను ఎలా నిలబెట్టాలో తెలియక అప్పటికి వారం రోజులుగా నేను తంటాలు పడుతున్నాను. కింద మడతపెట్టే పట్టీ అతికిస్తే బొమ్మ ముందుకు తూలిపోతోంది. ఆ పిల్లవాడి ప్రశ్నే దారి చూపింది.

మూడో విడతలో పేజీని అడ్డంగా రెండు సగాలు చేసి, కింది సగంలో బొమ్మ ముందువైపునూ, పై సగంలో తలకిందులుగా వెనుకవైపునూ గీశాను. మధ్యలో మడిస్తే గుడారంలా నిలుస్తుంది. మడత దగ్గర తల కొన సన్నగా ఉంటే చినిగిపోతోంది కనుక, బొమ్మ నెత్తిన కుండ పెట్టాను. కుండ మూతి వెడల్పే మడత అయింది. నీళ్లు మోసే స్త్రీ కొలువులో ఎలాగూ ఇముడుతుంది. వీపు మీద పెద్ద పెద్ద ముడులున్న జడ, ఒక్కో ముడి ఒక్కో మూసిన చోటు. సగం పేజీ ఎత్తు 148.5 మిల్లీమీటర్లే కాబట్టి చోట్ల సంఖ్యను తగ్గించాను గాని, 12 మిల్లీమీటర్ల కొలతను మాత్రం వదల్లేదు. ఈ పేజీలను రెండేసి కలిపి తగ్గించి ప్రింట్ తీయవద్దని ఉపాధ్యాయురాలికి ముందే చెప్పాను.

గుర్రానికి ఇదే పద్ధతి మరింత మేలు చేసింది. వెన్ను దగ్గర మడత వస్తుంది కనుక ఒక్కో వైపు రెండేసి కాళ్లే కనిపిస్తాయి. ఇవతలి కాలు, అవతలి కాలు అన్న చిక్కు పూర్తిగా తీరిపోయింది, మడిచిన గుర్రం నాలుగు కాళ్ల మీద నిలబడింది. పేజీని తిప్పితే గుర్రం రెండోవైపుకు చూస్తుంది కాబట్టి, ఎడమచేతి వాటం ఉన్న ఇద్దరు పిల్లలు తమ చేయి ముఖానికి అడ్డం రాని వైపు నుంచి మొదలుపెట్టగలిగారు. తల, మెడ వెన్నుకన్నా పైకి లేస్తాయి కనుక అవి మడతలో ఇమడవు. వాటిని పక్కన విడిగా గీసి, రంగు వేశాక కత్తిరించి, భుజం దగ్గర మైదా జిగురుతో అతికించమన్నాను. కొండపల్లివారు విడి భాగాలను మక్కుతో అతికే పద్ధతి నుంచే ఇది తీసుకున్నాను.

మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాముల) జిరాక్స్ కాగితం మైనం బరువుకు వంగిపోయింది. 120 జీఎస్ఎం కాగితం బడి ప్రింటర్‌లో ఒక్కొక్క షీటుగా పెడితే నలగకుండా వచ్చింది. స్కెచ్ పెన్నులు వాడవద్దని చెప్పాను. పల్చని కాగితంలో అవి ఇంకి వెనుకవైపుకు దిగుతాయి, ఇక్కడ వెనుకవైపే బొమ్మకు లోపలి గోడ.

ఒక అభ్యంతరం

గీసి ఇచ్చిన బొమ్మలకు రంగు పూయించడం పిల్లల సొంత సృజనను దెబ్బతీస్తుందని, ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో బోధించిన కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే గట్టిగా వాదించారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. మొదటి విడతలో సరిగ్గా అదే జరిగింది. నా మామిడి పిందెలు పిల్లల చేతులకు పనేమీ మిగల్చలేదు. కానీ తెల్లచోటు వెడల్పుగా ఉన్నప్పుడు పిల్లలు దాన్ని కేవలం నింపి ఊరుకోలేదు. చీర మీద వాళ్లే చుక్కలు పెట్టారు, జీను మీద ముగ్గు వేశారు. అందుకే మూడో విడతలో చీరలో ఒక్క అలంకారమూ గీయలేదు. రంగుల పేజీ ఇచ్చిన రోజున తెల్లకాగితం కూడా ఇవ్వాలని ఉపాధ్యాయురాలు నియమం పెట్టుకున్నారు. ఆ తెల్లకాగితం మీద వచ్చిన గుర్రాలలో కొన్నింటికి అయిదు కాళ్లున్నాయి. వాటిని నేను సరిచేయలేదు, ఆమె కూడా సరిచేయలేదు.

కొలువు రోజుకు కుండ మోసే బొమ్మలు 17, గుర్రాలు 19 నిలబడ్డాయి. గుర్రాలలో రెండు తలల బరువుకు ముందుకు ఒరిగితే, పిల్లలు తోక లోపల చింతగింజ ఒకటి అతికించి నిలబెట్టారు. కాళ్ల మధ్య సందులను మొద్దు కత్తెరతో కత్తిరించడం నాలుగేళ్ల పిల్లల్లో ఎవరికీ సాధ్యం కాలేదు, ఆ పని ఆయా చేయవలసి వచ్చింది. వచ్చే విడతలో కాళ్ల మధ్య ఖాళీని వదిలేసి, రెండు కాళ్లనూ ఒకే చక్రాల పలకకు కలిపి గీస్తున్నాను. అప్పుడు కత్తెర తిన్నగా ఒకే గీత వెంట పోతే చాలు.